దస్త్రము వెంట నడచిన భాష
(స్పానిషు వలసరాజ్యము, భాషావ్యాప్తి: స్మారకోపన్యాసము)

 

ఈ ఉపన్యాసము కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి స్మృతికి అంకితమైనది. పెనుగంచిప్రోలున జన్మించి, నాగపురమున విద్య నభ్యసించి, మునగాల సంస్థానమున దివానుగా రాజకార్యములు నిర్వహించుచునే, ఆయన తెలుగువారి విజ్ఞానదాహమును తీర్చుటకు జీవితమును ధారవోసిరి. రాజభాష ఉర్దూ అయిన నాటి హైదరాబాదు నగరమున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారిలో ఆయన ప్రముఖులు. 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను తెలుగు పుస్తకములుగా వెలయించిరి. ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును ఆరంభించి, ఆ మహాకార్యము ముగియకమునుపే, ఏబదియేండ్లైనను నిండకుండ, 1923లో కీర్తిశేషులైరి. కార్యాలయమున చోటులేని భాషకు గ్రంథాలయమునను, ముద్రణాలయమునను చోటు కల్పింపవలెనని వారు తలచిరి. భాష కవిత్వముచేత మాత్రమే బ్రతుకదనియు, లోకజ్ఞానమంతయు అందులో దొరకినపుడే అది నిలుచుననియు వారి కృషి మనకు చాటుచున్నది.

అట్టి మహనీయుని స్మరించు ఈ దినమున నేనొక దూరదేశపు చరిత్రమును మీ ముందుంచదలచితిని. ఐబీరియా ద్వీపకల్పమున కాస్తీలను చిన్న రాజ్యపు భాష, అనగా మనము స్పానిషు అను భాష, నేడు సుమారు 50 కోట్లమందికి మాతృభాషయై, అందు అత్యధికులు అట్లాంటిక్ సముద్రమునకు ఆవలియొడ్డున నివసించుచున్నారు. ఈ వ్యాప్తికి కారణమేమని అడిగినచో ఖడ్గమని చాలమంది బదులు చెప్పుదురు. ఖడ్గము దారి తెరచినమాట నిజమే. కాని భాషను ఇంటింటికి కొనిపోయినది దస్త్రమని, అనగా భూమిపత్రము, న్యాయస్థానపు అర్జీ, పాఠశాలపుస్తకము, ఓటరుజాబితా అని నా విశ్వాసము. దీనిని అంచెలంచెలుగా నిరూపింప యత్నించెదను.

1. ఖడ్గము చేసినది, చేయనిది

1492వ సంవత్సరమున మూడు సంఘటనలు జరిగెను. జనవరిలో గ్రనాడా లొంగిపోగా ద్వీపకల్పమున ముస్లిముల తుది రాజ్యము అంతరించెను. ఆగస్టులో సలమాంకా నగరమున ఆంటోనియో దె నెబ్రిహా కాస్తీలుభాషకు తొలి వ్యాకరణమును ప్రకటించి, భాషకును రాజ్యాధికారమునకును గల బాంధవ్యమును పీఠికలో ఇసబెల్లా రాణికి విన్నవించెను. అక్టోబరు 12వ తేదీన కొలంబసు కరీబియను దీవులలో కాలుమోపెను. నాలుగవ సంఘటన యొకటి కలదు. దానిని తగినచోట చెప్పెదను. ఈ మూడింటిని ఒక్కచోట జూచువారికి, నెబ్రిహా వ్యాకరణమే నౌకనెక్కి క్రొత్తఖండమునకు ప్రయాణమైనట్లు తోచుట సహజము. జరిగిన చరిత్ర అంత సరళము కాదు.

1513లో స్పానిషు న్యాయవేత్తలు ఒక ప్రకటనపత్రమును సిద్ధపరచిరి. క్రొత్తనేలపై అడుగిడిన సేనాపతి ఆ పత్రమును అక్కడి ప్రజలకు వినిపింపవలెను: పోపును, స్పెయిన్ రాజును ప్రభువులుగా అంగీకరింపుడు, లేనిచో మీపై యుద్ధము చేసి మిమ్ము దాసులను గావింతుము, ఆ పాపము మీదియే అని దాని సారాంశము. దానిని చదివినది స్పానిషున. వినినవారికి ఆ భాషలో ఒక్క ముక్కయు తెలియదు. స్పానిషు మతగురువైన బర్తొలొమె దె లాస్ కాసాస్ ఈ ఘోరమును తీవ్రముగా గర్హించెను. సోదరులారా, ఈ పత్రమును మనమొక క్షణము ఆలోచింపవలెను. ఒక జాతి భవితవ్యమును నిర్ణయించు కాగితము ఆ జాతికి తెలియని భాషలో ఉండుట, దానిని అర్థము చేసికొనకపోవుట వారి నేరమగుట, తరువాతి మూడువందల యేండ్ల కథకంతకును ఇది బీజము.

అయినను జయించినవాని భాష ఆ క్షణమున జనుల నోటికి రాలేదు. 1519లో స్పానిషు సేనాపతి కోర్తెస్ మెక్సికోతీరమున దిగినపుడు, ఓడ పగిలి మాయాజనుల నడుమ ఏండ్ల తరబడి బ్రతికిన ఆగిలార్ అను స్పానియార్డు ఆతనికి లభించెను; మాయాభాషయు నావాట్లు భాషయు నెరిగిన మలింత్సిన్ అను వనిత బానిసగా కానుక వచ్చెను. కోర్తెస్ పలికిన మాటను ఆగిలార్ మాయాభాషలోనికిని, దానిని మలింత్సిన్ నావాట్లులోనికిని మార్చగా, అజ్టెక్కుల చక్రవర్తి మోక్తెసూమాతో సంభాషణ జరిగెను. ఆమె శీఘ్రముగనే స్పానిషు నేర్చెను. త్లస్కాలావంటి స్థానికరాజ్యముల వేలాది యోధులు కోర్తెస్ పక్షమున నిలువకున్నను, మశూచి అజ్టెక్కుల రాజధానియైన తెనోచ్తిత్లాన్ నగరమును తుడిచిపెట్టకున్నను, 1521 ఆగస్టున ఆ నగరము పడిపోయెడిదని చెప్పజాలము. యుద్ధమున గెలిచిన ఆ వేళనే గెలిచినవారు ఓడినవారి భాషపై ఆధారపడియుండిరి.

కరీబియను దీవులలో మాత్రము వేరు సంగతి. బంగారుగనుల వెట్టిచాకిరికిని, క్రొత్తరోగములకును గురియై తాయినో జనులు కొన్ని దశాబ్దములలో దాదాపు నశించిరి. అచ్చట స్పానిషు ఏ భాషతోడను పోరాడి గెలువలేదు. మాటలాడు మనుష్యులే లేకపోయిరి. భాషావ్యాప్తియని మనము నిశ్చింతగా పలుకు పదము వెనుక ఇట్టి శ్మశానములు కూడ ఉన్నవని మరువరాదు.

2. మతగురువుల ఘంటము

1524లో పన్నిద్దరు ఫ్రాన్సిస్కను సన్న్యాసులు మెక్సికో చేరిరి. లక్షలాది జనులను క్రైస్తవులను జేయుటకు, వారికి స్పానిషు నేర్పుటకంటె తామే వారి భాష నేర్చుట సులభమని వారు గ్రహించిరి. 1536లో త్లతెలోల్కోన స్థానిక ప్రభువంశముల బాలురకు ఒక కళాశాల వెలసెను; అందు లాటినును, నావాట్లును ప్రక్కప్రక్కన నడచెను. 1539లో మెక్సికో నగరమున ముద్రణాలయము నెలకొనెను. అలోన్సో దె మోలీనా నావాట్లు నిఘంటువు 1555లో వెలువడి 1571లో విస్తృతమయ్యెను. 1560లో దొమింగో దె సాంతో తొమాస్ కెచువాభాషకు వ్యాకరణమును, నిఘంటువును స్పెయిన్‌లో అచ్చువేయించెను. బెర్నార్దీనో దె సహాగూన్ స్థానిక విద్యార్థుల సహాయముతో దశాబ్దముల తరబడి శ్రమించి, ఆ జనుల దేవతలను, వైద్యమును, వృత్తులను, తుదకు వారు చూచిన యుద్ధమును కూడ, నావాట్లు, స్పానిషు భాషలలో పండ్రెండు గ్రంథములుగా సమకూర్చెను.

ఈ మహోపకారమును కొనియాడుచునే రెండవ ముఖమును కూడ చూడవలెను. 1562లో యుకతాన్ సీమలోని మానీయందు దియేగో దె లాందా మాయాజనుల ప్రాచీనలిఖితములను రాశిగా పోసి తగులబెట్టించెను. నేడు లోకమున మిగిలిన మాయాగ్రంథములు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. పలుకును రక్షించిన సన్న్యాసులే వ్రాతను భస్మము చేసిరి. ఉచ్చారణము నిలిచెను, లిపి పోయెను, ఆపై ఆ భాషలు రోమను అక్షరములలోనే వ్రాయబడవలసి వచ్చెను.

రాజుల విధానమో, నిలకడ లేనిది. ఇండియనులని తాము పిలిచిన అమెరికా స్థానికులకు కాస్తీలుభాష నేర్పవలెనని 1550లో ఐదవ చార్లెసు ఆజ్ఞాపించెను. 1596లో సలహాసభవారు నిర్బంధవిద్యను ప్రతిపాదింపగా, జనులను వారి సహజభాషను విడువుమని బలవంతపెట్టుట ఉచితము కాదని, తమంత నేర్వగోరువారికి ఉపాధ్యాయులను ఏర్పరుపుడని రెండవ ఫిలిప్పు బదులిచ్చెను. దీనిని కేవలము దయయని నేనెంచను. ఇంకాల పాలనలో విస్తరించిన కెచువాయు, అజ్టెక్కుల పాలనలో విస్తరించిన నావాట్లును, పరిపాలనకు సిద్ధముగ నున్న సాధనములు. 1583 నాటి లీమా మతసభ ప్రకటించిన ధర్మబోధగ్రంథము స్పానిషు, కెచువా, ఐమారా భాషలలో వెలువడెను. కెచువా కొన్ని సీమలకు మునుపటికంటె విస్తరించినది క్రైస్తవబోధ మూలముననే. స్పానిషు సామ్రాజ్యము స్పానిషేతరభాషను వ్యాపింపజేసెనని చెప్పిన ఆశ్చర్యము కలుగవచ్చును. కాని అది సత్యము.

3. ఊరి కరణము, రాజు న్యాయస్థానము

ఇక నా వాదమునకు గుండెకాయయైన అంశమునకు వచ్చుచున్నాను. స్పెయినువారు పట్టణములను ఒక్క అచ్చున పోసిరి. నడుమ చతురస్రమైన చౌకము, ఒక ప్రక్క దేవళము, వేరొక ప్రక్క పురసభామందిరము, నాలుగు దిక్కులకు తిన్నని వీథులు. 1573లో రెండవ ఫిలిప్పు శాసనములు ఈ విన్యాసమును క్రోడీకరించెను. పెరూదేశమున తొలేదో అను రాజప్రతినిధి 1570వ దశాబ్దమున చెల్లాచెదరుగా నున్న పల్లెలను బలవంతముగా ఇట్టి ఊళ్లలోనికి చేర్చెను. స్థానికుల ఊరికిని పురసభ యుండెను, దానికొక లేఖకుడుండెను. మన కరణమువలె అతడే ఊరి భూముల స్మృతి.

మధ్యమెక్సికోలో ఆ లేఖకుడు నావాట్లుభాషలో వ్రాసెను. వీలునామాలు, భూమివిక్రయములు, సభానిర్ణయములు, రాజునకు విన్నపములు, 16వ శతాబ్ది మధ్యభాగము మొదలు 18వ శతాబ్ది చివరివరకు రోమను అక్షరములలో నావాట్లుభాషయందు వ్రాయబడినవి వేలకొలది నేటికిని భద్రముగా నున్నవి. జేమ్సు లాక్‌హార్టు మొదలగు చరిత్రకారులు వాని నాధారము చేసికొని, ఓడినజాతి తన నోటితో తాను చెప్పుకొనిన చరిత్రను వెలికిదీసిరి. 1592లో మెక్సికోన ఇండియనుల కొరకు ప్రత్యేకన్యాయస్థానము ఏర్పడగా, అందు దుబాసీల మూలమున వారి మొర వినబడెను. అన్యాయములెన్ని యున్నను, తన భాషలో వ్రాసిన కాగితముతో రైతు రాజు గుమ్మము నెక్కగలిగెను. ఆ కాగితము చెల్లినంతకాలము ఆ భాష కేవలము ఇంటిభాషగా కుంచించుకొనిపోలేదు.

18వ శతాబ్దిలో గాలి మారెను. దేశభాషల బోధకు అండయై నిలిచిన జెసూయిట్ మతసంఘమువారిని 1767లో మూడవ చార్లెసు వెడలగొట్టెను. 1770లో, మెక్సికో ఆర్చిబిషప్పు లొరెన్సానా ప్రోత్సాహమున, స్థానికభాషలు అంతరించి కాస్తీలుభాష ఒక్కటే మిగులవలెనని రాజాజ్ఞ వెలువడెను. 1780లో పెరూన తుపాక్ అమారు తిరుగుబాటు ఎగసి, మరుసటియేట కుస్కో చౌకమున ఆ వీరుడు దారుణముగా వధింపబడిన పిదప, ఇంకాల వేషధారణమును, నాటకములను, వంశస్మారకములను నిషేధించిరి. కెచువాపై ద్వేషము రాజనీతియయ్యెను. అంతటి ఆజ్ఞలు వెడలినను ఊళ్లలో మార్పు మందగతిని నడచెను. ఉపాధ్యాయులకు జీతములేవి? పాఠశాలలేవి? ఆజ్ఞాపత్రము సముద్రము దాటినంత సులభముగా గ్రామసీమను దాటజాలకపోయెను. 1821లో మెక్సికో స్వతంత్రమగునాటికి జనాభాలో సగముకంటె ఎక్కువమంది ఇండియనులే. అందధికుల నోట వారి పూర్వుల భాషలే. మూడువందల యేండ్ల సామ్రాజ్యము సాధించిన ఫలితమింతే.

4. గణరాజ్యములు పూర్తిచేసిన పని

ఆ పనిని పూర్తిచేసినది, చిత్రముగా, సామ్రాజ్యమును కూలద్రోసిన స్వతంత్ర గణరాజ్యము. ఇచ్చట మీ అవధానమును ప్రత్యేకముగా అర్థించుచున్నాను.

స్వాతంత్ర్యనాయకులు ఉదారహృదయులు. పౌరులందరు సమానులనిరి, ఇండియనుడను వేరు తరగతియే వలదనిరి. తరగతి పోగా ప్రత్యేకన్యాయస్థానము పోయెను, ప్రత్యేకపురసభ పోయెను, నావాట్లులో వ్రాయు లేఖకుని పదవియు పోయెను. 1856 నాటి లేర్దో శాసనము మెక్సికోన దేవళముల భూములతోబాటు ఊరుమ్మడి భూములను కూడ వ్యక్తుల పేర విడగొట్టవలెననెను. ఇక భూమిపత్రము స్పానిషున, వ్యాజ్యము స్పానిషున, న్యాయవాది స్పానిషున. సమానత్వము వచ్చెను, కాని ఆ సమానత్వము ఒక్క భాషలోనే మాటలాడెను.

పెరూన ఓటుహక్కునకు అక్షరాస్యత నియమమయ్యెను. చదువనగా స్పానిషు చదువే గనుక, కెచువామాత్రమే తెలిసిన లక్షలాది జనుల కష్టము ప్రజాప్రతినిధిసభ మెట్లెక్కలేదు. 1979 నాటి రాజ్యాంగముతోనే నిరక్షరాస్యులకు ఓటు దక్కెను. మెక్సికోన 1921లో విద్యాసచివాలయమును స్థాపించిన హొసే వాస్కొన్సేలోస్ దేశమంతట గ్రామపాఠశాలలను వెలయించెను. ఆయన ఆశయము పవిత్రము, ఆయన పంపిన ఉపాధ్యాయుల త్యాగము స్మరణీయము. అయినను ఆ పాఠశాలలో పిల్లవాని ఇంటిభాషకు చోటులేదు. పనికై పట్నమునకు పోయిన తండ్రియు, బడిలో అవమానపడిన తల్లియు, తమ బిడ్డకు ఆ కష్టము వలదని, తమ భాషను ఆ బిడ్డతో పలుకుట మానివేసిరి. భాషకు మరణము సంభవించునది ఆ గడపలోనే. దానికి ఆ తల్లిదండ్రులను నిందింపరాదు. ఆ నిర్ణయమునకు వారిని నెట్టిన ఏర్పాటునే నిందింపవలెను.

ఇందులకు అర్జెంటీనా మరియొక సాక్ష్యము. 19వ శతాబ్ది చివర ఇటలీనుండియు, ఇతరదేశములనుండియు లక్షలాది జనులు అచ్చటికి తరలివచ్చిరి. 1914 జనాభాలెక్కలలో నూటికి సుమారు 30 మంది విదేశములలో పుట్టినవారే. వారిని ఏ సేనయు జయింపలేదు. 1884 నాటి 1420వ సంఖ్యగల చట్టము ఉచితనిర్బంధవిద్యను నెలకొల్పెను. వారి పిల్లలు స్పానిషు పలుకువారైరి. ఖడ్గమక్కరలేకయే బడియు, జీవికయు ఆ పనిని ముగించెను.

5. మూడు పరీక్షలు

సిద్ధాంతమును భిన్నభూములయందు పరీక్షించినగాని విశ్వసింపరాదు. మొదటిది ఫిలిప్పీను దీవులు. 1565లో లెగాస్పి పాలన నెలకొల్పినది మొదలు 1898 వరకు, 333 సంవత్సరములు, అవి స్పెయిన్ ఏలుబడిలో నుండెను. వచ్చిన స్పానియార్డులు బహుకొద్దిమంది. ఊరిలో రాజ్యమనగా సన్న్యాసియే. ఆయన టగలోగు, సెబువానో భాషలలో బోధించెను. 1593 నాటి ధర్మబోధపుస్తకము స్పానిషు, టగలోగు భాషలలో, స్థానికలిపితో సహా అచ్చయ్యెను. ప్రజాపాఠశాలల శాసనము 1863లోగాని రాలేదు. హొసే రిసాల్ తన దేశపు దుఃఖమును స్పానిషు నవలగా 1887లో ప్రకటించునాటికి ఆయన స్వజనులలో దానిని చదువగలవారు అత్యల్పసంఖ్యాకులు. పిమ్మట వచ్చిన అమెరికనులు 1901లో వందలాది ఉపాధ్యాయులను దింపి ఇంగ్లీషు బడులను నిండించిరి. రెండు తరములలో ఇంగ్లీషు చేసినపనిని స్పానిషు మూడు శతాబ్దములలో చేయలేదు.

రెండవది పరాగ్వే. 1537లో అసున్సియాన్ స్థాపించిన కొద్దిమంది స్పానియార్డులు గ్వారానీస్త్రీలతో సంసారములు నెలకొల్పిరి. తల్లిభాష ఇంటిని ఏలెను. 1609 మొదలు జెసూయిట్లు నడపిన ఊళ్లలో పాలనయు, ప్రార్థనయు గ్వారానీయందే జరిగెను. రూయిస్ దె మొంతోయా 1639లో దానికి మహానిఘంటువును కూర్చెను. నేడు అచ్చట ఇండియనులు కానివారు సైతము గ్వారానీ మాటలాడుదురు. 1992 రాజ్యాంగము దానిని అధికారభాషను గావించెను. ఏ ఒక్క జాతికో పరిమితము గాక అందరి నోట నుండుటయే దాని రక్షాకవచము.

మూడవది, నేను ముందు దాచియుంచిన 1492 నాటి నాలుగవ సంఘటన. ఆ మార్చి నెలలో స్పెయిన్ తన యూదులను దేశము విడిచి పొమ్మని శాసించెను. ఒట్టోమను సుల్తానుల రాజ్యమున సలోనికా, ఇస్తాంబులు నగరముల స్థిరపడిన ఆ నిర్వాసితులు తమ్ము తరిమినవారి భాషనే, హీబ్రూలిపిలో వ్రాసికొనుచు, నాలుగువందల యేండ్లకు పైగా బిడ్డలకు నేర్పిరి. వారికి సేనలేదు, రాజులేడు. ప్రార్థనామందిరము, బడి, వ్యాపారపు ఖాతాపుస్తకము ఉండెను. రాజ్యమున్నచోట పాతుకొననిది, రాజ్యము తరిమినచోట నిలిచెను.

6. ఓడినవారు సంపాదించినది

ఇంతవరకు చెప్పినదంతయు నష్టచరిత్రయే యని మీరు తలపవలదు. ఇంకా రాకుమారి కుమారుడైన గార్సిలాసో దె లా వేగా 1609లో తన మాతృవంశచరిత్రను నిర్దుష్టమైన స్పానిషు గద్యమున ప్రకటించి, స్పానిషువారి చరిత్రకారులను దిద్దెను. సుమారు 1615లో వామన్ పోమా అను ఆండీసు నివాసి, వలసపాలన దుర్మార్గములను విన్నవించుచు, కెచువా కలిసిన స్పానిషున సుమారు 1,200 పుటల లేఖను, దాదాపు 400 చిత్రములతో, రాజునకు వ్రాసెను. అది 1908లో కోపెన్‌హేగన్ గ్రంథాలయమున బయల్పడెను. మెక్సికో మఠమునందలి సోర్ హువానా 17వ శతాబ్దిలో స్త్రీకి విద్యాధికారము కలదని వాదించి, తన గేయములలో నావాట్లుకు కూడ చోటిచ్చెను. 1847లో ఆంద్రేస్ బెల్యో అమెరికావారి కొరకు స్పానిషు వ్యాకరణమును రచించెను. నికరాగువాకు చెందిన రూబెన్ దారియో స్పెయిన్ కవిత్వమునకే నూతనమార్గము చూపెను; చిలీదేశపు గాబ్రియేలా మిస్త్రాల్ 1945లో నోబెల్ బహుమానమును పొందెను. ఈ భాష నేడు కేవలము పాలకుల సొత్తు కాదు. బాధితుడు తన వ్యాజ్యమును ఆ భాషలోనే గెలిచికొనుట మానవచరిత్రలో గొప్ప విజయమే.

అయినను ఆ విజయమునకు మూల్యము చెల్లించినవి, వ్రాయబడకయే మరణించిన వందలాది భాషలు. గార్సిలాసోను గౌరవించువారు ఆ లెక్కను మరుగుపరుపరాదు.

7. నిష్కర్ష

భాషను నశింపజేయుటకు ఆజ్ఞయు, అగ్నియు అంతగా అక్కరలేదు. భూమి, న్యాయము, వైద్యము, ఓటు అను ద్వారములకు వేరొక భాషతోగాని తెరచుకొనని తాళము వేసిన చాలును. దానిని బ్రతికించు ఉపాయము కూడ ఈ చరిత్రలోనే కలదు. 1975లో పెరూ కెచువాను అధికారభాషగా గుర్తించెను. 2003లో మెక్సికో స్థానికభాషల హక్కులకు చట్టము చేసెను. 2009లో బొలీవియా రాజ్యాంగము స్పానిషుతోబాటు 36 స్థానికభాషలను అంగీకరించెను. ఇవి శుభారంభములు. కాని చట్టము అచ్చైన నాడు కాదు, కుస్కో కొండలనుండి దిగివచ్చిన స్త్రీ తన నేలను గూర్చి కెచువాలో అర్జీ వ్రాయించి, దానికి కెచువాలోనే తీర్పు అందుకొనిన నాడు వాని సాఫల్యము. మన దేశమునను అడవులలో, కొండలలో లిపిలేని పలుకులు పలుకువారున్నారు. మన అధికారులు వారి యెదుట ఏ భాషలో కాగితము చదువుచున్నారో విచారించుట మన కర్తవ్యము. భాషను ప్రేమించువారు పండుగనాడు దానికి హారతి పట్టినంత మాత్రమున చాలదు. తహసీలుదారు కచేరిలో, ఆసుపత్రిలో, న్యాయస్థానమున దానికి కుర్చీ వేయింపవలెను. ఆ పనికి పూనుకొనుడని మిమ్మందరిని వేడుచు విరమించుచున్నాను.